అడవిలోకి ఒక్కరినే పంపరు

“ఎంతమంది వస్తారమ్మా?” అని అడిగాడు ఫోనులో అటవీ శాఖ ఆఫీసు మనిషి.

“ఒకరే సార్” అన్నాను.

“ఒకరే అంటే?”

“నేనే. పొద్దున పోయి సాయంత్రం లోపల తిరిగి వచ్చేస్తాను.”

ఆయన గొంతు మెత్తబడింది. “అమ్మా, ఇంట్లో ఏమన్నా గొడవైనాదా?” అన్నాడు.

“అయ్యో, అదేం లేదు సార్. ఊరికే నడిచి వద్దామని.”

“ఊరికే నడవాలంటే మీ వీధిలో నడువమ్మా. ఇది నేషనల్ పార్కు. ఒంటరిగా మేము ఎవుర్నీ పంపం. ఏనుగులు తిరగతా ఉండాయి, చిరతలు ఉండాయి. గుంపుగా రండి, మా వాచర్ని తోడిస్తాము. ఇంట్లో వాళ్ళనంతా తీసుకోని రామ్మా.” చివరి మాట బతిమాలినట్టు అన్నాడు. ఆ రోజంతా ఆయన నా గురించి కంగారు పడి ఉంటాడు, పాపం.

ఫోను పక్కన పెట్టి చేటలో బియ్యం ముందేసుకుని కూర్చున్నాను. మా మిద్దె మీద నుంచి చూస్తే శేషాచలం కొండలు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కనిపిస్తాయి. ఇన్ని కొండలున్నాయే, ఇంత అడవి ఉందే, ఒక మనిషి ఒంటరిగా కూర్చోవడానికి ఇందులో చోటు లేకపోతుందా అనుకున్నాను. లేదని ఆ రోజే తెలిసింది. ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వరు, వీధిలో ఉండనివ్వరు. అడవిలో అయితే చట్టమే ఒప్పుకోదు.

నేను ఒంటరితనం కోసం వెతికింది సరదాకి కాదు. అది నేను దేవునికి ఇచ్చిన మాట.

అంతకు ముందు ఏడాది మా పాపకు డెంగీ వచ్చింది. తిరుపతిలో ఆస్పత్రిలో చేర్చాము. రక్తంలో కణాలు పడిపోతున్నాయని డాక్టరు చెప్పిన మధ్యాహ్నం నేను వరండాలో కిటికీ పట్టుకుని నిలబడ్డాను. మా సంఘంలో ఇలాంటప్పుడు మొక్కుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బాగైతే కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనం పెడతామంటారు, లేదంటే మందిరానికి ఏదైనా ఇస్తామంటారు. మా మందిరంలో తిరిగే ప్రతి ఫ్యాను వెనక ఒక జ్వరమో ఒక ఆపరేషనో ఉంది. నేను కూడా ఫ్యానే అనుకున్నాను. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. “తండ్రీ, దీన్ని నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడవనిస్తే, మనిషి తోడు లేని చోట ఒక పూట నీ దగ్గర కూర్చుంటాను.”

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియలేదు. తర్వాత అర్థమైంది. ఉన్నదాంట్లో నుంచి ఇవ్వడం నాకు పెద్ద కష్టం కాదు. నా దగ్గర అసలు లేనిది అదొక్కటే.

పాప నడిచి ఇంటికి వచ్చింది. నేను మాత్రం ఇచ్చిన మాట తీర్చలేకపోయాను.

మా ఇల్లు రేణిగుంటలో మందిరం వెనక గోడను ఆనుకుని ఉంటుంది. మా ఆయన గోడౌనులో సూపర్వైజరు, సంఘంలో పెద్ద. ఆయన పనికి పోతే మందిరం బీగం చెవి నా దగ్గర ఉంటుంది. చాపలు కావాలన్నా, మైకు కావాలన్నా, ఎవరికైనా బాగాలేదని ప్రార్థన చేయించుకోవాలన్నా మా వాకిట్లోకే వస్తారు. స్నానాల గదిలో ఉన్నా బయటి నుంచి గొంతు వినబడుతుంది. “అక్కా, లోపల ఉండావా? తొందరేమీ లేదులే, నేను ఈడనే నిలబడుకోనుంటా.” మిద్దె ఎక్కితే పక్కింటామె వడియాలు ఎండబెడుతూ పలకరిస్తుంది. మందిరంలోకే పోదామా అంటే మధ్యాహ్నం పూట ఫ్యాను కింద ఎవరో ఒకరు నిద్రపోతుంటారు.

ఇక మా అత్త. నా పెళ్ళినాటి నుంచి ఆమె నన్ను ఒక్కదాన్ని వదిలిపెట్టింది లేదు. ఇది నేను తప్పుగా చెప్పడం లేదు. చిన్న వయసులో భర్త పోయి, చంకలో బిడ్డతో ఒక్కతే బతికిన మనిషి ఆమె. ఆ కష్టం కోడలికి రాకూడదని ఆమె తీర్మానం. నేను కూరగాయలకు పోతే సంచి పట్టుకుని వెనకాలే వస్తుంది. ఆస్పత్రికైనా, కరెంటు ఆఫీసుకైనా, కూడికలకైనా అంతే. “ఆడబిడ్డ ఒకతే పోతే దారి ఎక్కువైతాది” అంటుంది.

అసలు సంగతి చెప్పేస్తే సరిపోయేది కదా అని మీరు అనుకోవచ్చు. చెప్పలేను. తలుపు వేసుకుని రహస్యంగా చేసే ప్రార్థనే తండ్రి చెవిన పడుతుందని, నలుగురికీ చూపించి చేసేవాళ్ళకు ఆ చూపించుకోవడమే జీతమని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకు నేర్పేది నేనే. ఇంకో భయం కూడా ఉంది. మా సంఘంలో ఒక సిస్టరు తన మట్టుకు తాను శుక్రవారాలు ఉపవాసం ఉండేది. ఎవరితోనో నోరు జారింది. “దేవుడు నీకు ఎంత మంచి భారం ఇచ్చినాడు సిస్టర్, మేము కూడా ఉంటాము” అన్నారు. అది శుక్రవారం ఉపవాస కూడిక అయింది. మైకు వచ్చింది, చాపలు వచ్చాయి. ఆమె ఇప్పుడు ప్రతి శుక్రవారం అందరికీ మజ్జిగ కలుపుతూ కనిపిస్తుంది. నా మాట బయటపడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ‘ఒంటరి ప్రార్థన’ అని బ్యానరు కట్టి అందరూ బస్సెక్కుతారు.

గుంపుగా వస్తేనే అడవిలోకి పంపుతామన్నారు కాబట్టి, గుంపును తీసుకుపోయి అక్కడ గుంపులో నుంచి తప్పుకోవాలి. నాకు తోచిన ఉపాయం అదే. యవ్వనస్థులను ఒక రోజు కొండదారిలో నడిపించి తీసుకొస్తానని సంఘంలో చెప్పాను. అందరూ సంతోషించారు.

దానికోసం చాలా నేర్చుకున్నాను. ఏ నెలలో ఏ ఏట్లో నీళ్ళుంటాయో, ఎండలు ముదిరితే నిప్పు భయానికి ఏ దారులు మూసేస్తారో, పొద్దు వాలక ముందే గేటు దగ్గరికి ఎందుకు తిరిగి రావాలో తెలుసుకున్నాను. అగ్గిపెట్టె కూడదు, ప్లాస్టిక్ కూడదు, పాటల పెట్టె కూడదు. చదును నేల మీద నడిచినంత దూరం కొండ మీద నడవలేమని, లెక్క దూరంతో కాదు ఎక్కడంతో వేసుకోవాలని తెలుసుకున్నాను. సెల్లులో మ్యాపు తెరిచి పెద్దది చేసి చూసేదాన్ని. నేను చూసేది జలపాతాల కోసం కాదు. అందరూ కూర్చుని తినడానికి ఒక బండ ఉండాలి, దానికి కాస్త అవతల ఏరు వంపు తిరగాలి. ఆ వంపు వెనక నేను కూర్చుంటే ఎవరికీ కనిపించకూడదు. కేకేస్తే మాత్రం వినిపించాలి, లేకపోతే వెతుక్కుంటూ వస్తారు.

మొదటిసారి మామండూరు అనుకున్నాము. పొద్దున్నే గేటు దగ్గర బస్సు దిగితే, మా వాళ్ళు బస్సు మీద నుంచి వంట దబరాలు దించుతున్నారు. బియ్యం మూట, కోళ్ళు, గ్యాసు పొయ్యి.

“రొట్టెలు, పులిహోర కట్టుకోమని చెప్తిని కదక్కా” అన్నాను.

“ఇంతమంది వస్తే పులిహోర ఏం ఆనతాది? సల్లబడిన అన్నం పెట్టి పిలకాయల్ని కొండెక్కిస్తారా ఎవురన్నా?”

గేటు దగ్గర వాచర్ దబరాల వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. “ఏమ్మా, మీరు అడవికి పోతా ఉండారా, పెండ్లికి పోతా ఉండారా?”

పొయ్యి లోపలికి పంపననేశాడు. సరే, ఇక్కడే వండుకుని తినేసి లోపలికి పోదామన్నారు. రోడ్డు పక్కన చింతచెట్టు కింద బిర్యానీ దించేసరికి, ఇంక లోపలికి పోతే చీకటి పడేలోగా తిరిగి రాలేరని గేటు వేసేశారు. అందరూ కడుపునిండా తిని, పాటలు పాడి, ఆ గేటు ముందే ఫోటోలు తీసుకుని వచ్చేశారు. “భలే బాగుండింది సిస్టర్, మళ్ళా పెట్టాల” అన్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని అడవిని చూస్తూ ఇంటికొచ్చాను. పక్క సీట్లో ఒకామె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మరుసటేడు ఏనుగుల గుంపు దిగిందని ఆ దారే మూసేశారు.

దేవుడు వడ్డీలు లెక్క కట్టే వాడు కాడని నాకు తెలుసు. పిల్లలకు చెప్పేది కూడా అదే. అయినా పాప తుమ్మితే చాలు, నా చెయ్యి దాని నుదుటి మీదికి పోయేది. ఒళ్ళు కొంచెం వేడిగా తగిలితే, ‘మాట ఇచ్చి తప్పినావు కదా’ అని లోపల ఎవరో అన్నట్టు ఉండేది. ఇంటరు రెండో సంవత్సరం పరీక్షలు దగ్గరికి వచ్చాయి. అవి అయిపోతే జూన్‌లో దాన్ని నర్సింగ్ చదువుకు వేలూరు హాస్టల్లో చేర్చాలి. అది నా కళ్ళ ముందు ఉండగానే మాట తీర్చుకోవాలి. తీర్చకుండా దాన్ని బస్సెక్కించడం నావల్ల కాదు.

అందుకే మూడోసారి ఎవరికీ అవకాశం ఇవ్వకూడదనుకున్నాను. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు మొదలు కాకముందే ఒక శనివారం పెట్టుకున్నాను. అప్పటికి ఏట్లో ఇంకా నీళ్ళుంటాయి, దారులు మూయరు. మామండూరు దారి ఒకటి, కుక్కలదొడ్డి వైపు దారి ఒకటి, రెండూ చూసి పెట్టుకున్నాను. రెండింటిలోనూ బండ ఉంది, వంపు ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారికి చెప్పాను. మా పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలుస్తాము.

“రెండూ మంచివే అంటావు గదా సిస్టర్. ఏది మంచిదని మనమెందుకు తేల్చేది? చీట్లు వేద్దాము. దేవుడే చెప్తాడు” అన్నారాయన.

మాకు ఇది కొత్త కాదు. మందిరానికి స్థలం ఎటువైపు కొనాలన్నా, క్రిస్మస్‌కు ఏ ఇంటి నుంచి పాటలు మొదలుపెట్టాలన్నా ప్రార్థన చేసి చీట్లు వేస్తాము. నేను దాన్ని మనసారా నమ్ముతాను. చీటిని తీసేది మనిషి చెయ్యి, తేల్చేది ఆయన. రెండు దారుల్లో ఏది వచ్చినా నాకు సమ్మతమే కాబట్టి ధైర్యంగా రెండు చీట్లు రాశాను.

అప్పుడు అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, కుర్చీలో నుంచి కదిలారు. “తలకోన కూడా ఒకటి రాయకూడదా? ఆడికి బస్సు లోపలిదాకా పోతాది. మోకాళ్ళ నొప్పులోళ్ళు కూడా రావచ్చు గదా.”

“ఇది నడకమ్మగారూ” అన్నాను.

“నడిచేవాళ్ళు నడుస్తారు. మేము కూర్చుంటాము. చీటీయే గదా, రాస్తే పోయేదేముంది?”

రాశాను. అయ్యగారు ప్రార్థన చేశారు. చీటి తీయడానికి ఒక చంటిదాన్ని ఎత్తుకొచ్చారు. అది రెండు చీట్లు ఒకేసారి పట్టుకుంది. ఒకటి నోట్లో పెట్టుకోబోతే వాళ్ళమ్మ లాగింది. చేతిలో మిగిలిన చీటి విప్పి అయ్యగారు గట్టిగా చదివారు. “తలకోన!”

“దేవునికి స్తోత్రం” అన్నారందరూ. నేనూ అన్నాను. అనకుండా ఎట్లా? నమ్మని దాన్నైతే ఇంకోసారి వేద్దామనేదాన్ని, ఏదో సాకు చెప్పేదాన్ని. నమ్ముతాను కాబట్టి నోరు కట్టేసినట్టయింది. వారాంతంలో జాతర లాగా జనం వచ్చే చోటు అది. మెట్లు, కమ్ములు, కోతులు, ఐస్‌క్రీములు. ఆయనే నన్ను అక్కడికి పొమ్మంటే నేను ఎవరితో మొరపెట్టుకోను?

ఇంటికొస్తే మా అత్త అప్పటికే విని ఉంది.

“బస్సు ఆడిదాకా పోతాదంట గదా. నేనూ వస్తా.”

“ఎండ అత్తా. నీకు కష్టమైతాది.”

“ఎండ నాకు కొత్తనా? నువ్వొకదానివే ఆ పిలకాయలనంతా ఎట్ల సూసుకుంటావు?”

ఆ శనివారం బస్సు తిరుపతి దాటి, భాకరాపేట ఘాటు ఎక్కుతుండగా అయ్యగారు ముందు సీటు పట్టుకుని లేచి నిలబడ్డారు. “అడవిలో ఎవరూ ఒంటరిగా తిరగకూడదు. ప్రభువు శిష్యుల్ని కూడా ఇద్దరిద్దరుగానే పంపినాడు. కాబట్టి ఇప్పుడే జతలు చేస్తా ఉన్నాను. దిగినకాడి నుంచి మళ్ళా బస్సెక్కేదాకా ఎవరి జతను వాళ్ళు వదలకూడదు.” ఒక్కొక్కరినీ జత చేస్తూ వచ్చారు. మా పాపకు దాని స్నేహితురాలు. నా దగ్గరికి వచ్చేసరికి నవ్వి, “దీనికి ప్రార్థన అక్కరలేదు. అత్తాకోడలు” అన్నారు.

వెనక సీట్లలో మగపిల్లలు ఈలలు వేశారు. “అవ్వా, మీదే ఫస్టు ప్రైజు!”

“నవ్వురా నవ్వు” అంది మా అత్త. “నీ జత వాడు సెప్పు తెగి దిగకముందే కుంటతా ఉండాడు. వాన్ని మోసుకోని తిరగాల నువ్వు. నా కోడలు నన్ను మోస్తాది.”

బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మలుపు మలుపుకీ కొండలు దగ్గరికి వస్తున్నాయి. అటవీ శాఖ ఒకవైపు, వాక్యం ఒకవైపు, చీటి ఒకవైపు, పక్కన నా చెయ్యి పట్టుకుని మా అత్త. అన్ని తలుపులూ మెత్తగా, ప్రేమగా, చప్పుడు లేకుండా మూసుకుపోయినట్టు అనిపించింది. గట్టిగా మూసినవైతే తోసి చూసేదాన్ని.

పెందలాడే బయలుదేరాము కాబట్టి మేము పోయేసరికి జనం ఇంకా రాలేదు. అమ్మగారు, మరి కొందరు పెద్దవాళ్ళు బస్సు ఆగిన చోటే చెట్ల కింద చాపలు పరిచారు. మా అత్త వాళ్ళతో కూర్చుంటుందని నేను లోపల్లోపల ఆశపడ్డాను. జతను వదలకూడదన్నారు కదా అని ఆమె కొంగు నడుముకు దోపుకుని నాతో బయలుదేరింది.

మాతో వచ్చిన వాచర్ పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. “ముందు నేను నడస్తా. వెనకాల మీలో గట్టోడు ఒకడు. నడమ మీరంతా. జలపాతం కాడ జనం ఎక్కువవతారు గానీ ఆ పైన ఇంకో దారి ఉండాది, నిదానంగా చుట్టి రావొచ్చు” అన్నాడు. ఆ దారి నాకు తెలుసు. మ్యాపులో చూసిందే. చీటి పడ్డాక కూడా నేను ఊరుకోలేదు, తలకోనలో కూడా వంపులు వెతికాను. ఆ పై దారిలో ఒక చోట బండలు, వాటి వెనక మడుగు ఉన్నాయి. అక్కడిదాకా పోతే చాలు అనుకున్నాను. అక్కడ అత్తను పాప పక్కన కూర్చోబెట్టి జారుకుంటాను.

అక్కడిదాకా పోనే లేదు. ఎక్కడం మొదలైన కాసేపటికి మా అత్త ఆగింది. మనిషి నడుమంత లావున్న గిల్లతీగ చెట్టు మీద నుంచి చెట్టు మీదికి పాకి ఉంది. దాని కింద ఒక పెద్ద బండ. బండ మీద కూలబడి, “నా చేత కాదప్పా ఇంక. మీరు పోండి” అంది.

“కిందికి తీసుకుపోతాను పా అత్తా” అన్నాను.

“కిందికీ దిగలేను. మోకాళ్ళు పట్టేసినాయి. ఈడనే ఉంటా. మీరు తిరిగొచ్చేటప్పుడు వస్తా.”

వాచర్ ఒప్పుకోలేదు. “ఒకామెనే ఇడిసిపెట్టి పోయేదానికి లేదు అయ్యగారూ. ఎవురన్నా తోడుండాల. ఇది జనం నడిచే దారే, ఇద్దరుంటే భయం లేదు. బండ దిగకూడదు, అంతే.”

ఎవరుంటారని ఎవరూ అడగలేదు. అందరూ నా వైపు చూశారు. జత నాదే కదా. “నేనుంటాను” అన్నాను. అయ్యగారు నా త్యాగం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు నడిచారు. పాప వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. వాళ్ళ మాటలు, నవ్వులు పై మలుపులో సన్నగిల్లి ఆగిపోయాయి.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ళు మ్యాపులు చూసి, ఫోన్లు చేసి, బస్సులు మాట్లాడి నేను చేరింది మా ఇంటి వంటగదిలాంటి చోటికే. నేను, మా అత్త.

ఆమె కొంచెంసేపు మాట్లాడింది. ఈ ఏడు చింతపండు ధర గురించి, అమ్మగారి చీర రంగు గురించి, తీగ ఎంత లావుందో దాని గురించి. తర్వాత సంచి తల కింద పెట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని పడుకుంది.

“నిద్రొస్తా ఉండాది. వాళ్ళొచ్చేదాకా నన్ను లేపద్దు. ఏమొచ్చినా లేపద్దు.”

“చిరత వస్తే?” అన్నాను విసుగ్గా.

“దానికి నేనేం ఆనతాను? నిన్ను తినిపోతాది. లేపద్దు.”

ఆమె పడుకున్నాక నేను చాలాసేపు ఏమీ చేయలేదు. నీళ్ళ సీసాలు సరిపోతాయా, వెనక నడిచేవాడు పిల్లల్ని చూసుకుంటున్నాడా అని అవే ఆలోచనలు. తర్వాత ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే కూడికల్లో చెప్పే మాటలే వచ్చాయి. మహోన్నతుడా, సర్వాధికారీ, ఈ దినమున నీ పాదముల చెంత. అవి చెప్పి ఆగాను, అలవాటుగా ఎవరో ఆమేన్ అంటారని. ఎవరూ అనలేదు. ఎక్కడో పైన ఆకుల్లో పెద్ద ఉడుత ఒకటి కొమ్మ మారింది. ఇన్నేళ్ళు నేను చేసిన ప్రార్థనలన్నీ పక్కన ఎవరో వింటున్నారని చేసినవేనని అప్పుడు తెలిసింది. వినేవాళ్ళు లేకపోతే ఎలా మాట్లాడాలో నాకు రాదు.

అందుకని మాట్లాడటం మానేశాను. కావలసిన వాటి చిట్టా చెప్పలేదు. పాప పేరు కూడా ఎత్తలేదు. కూర్చున్నాను, అంతే. తీగ కింద ఎండ చుక్కలు చుక్కలుగా పడి, నెమ్మదిగా జరుగుతోంది. దూరంగా నీళ్ళ చప్పుడు. నా ఎదుట ఎవరో ఉన్నారు. ఆయనకు నా దగ్గర నుంచి ఏమీ అక్కర్లేదు, నాకూ ఏమీ అడగాలనిపించలేదు. దాన్ని ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ఎంతసేపైందో, ఒకసారి కళ్ళు తెరిచి పక్కకి చూశాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. మా అత్త గురక. ఆమె పడుకుంటే మందిరంలో కూర్చున్నవాళ్ళకు వినిపిస్తుంది. ఇప్పుడు కొంగు కింద ఊపిరి కూడా వినబడటం లేదు. భయమేసి దగ్గరికి వంగాను. అప్పుడు ఆమె కాలు కనిపించింది. చీర కొంచెం పైకి జరిగి, పిక్క మీద ఎర్ర చీమలు పాకుతున్నాయి. ఇంట్లో ఒక్క చీమ కుడితే వీధంతా వినబడేలా తిట్టే మనిషి. కాలి వేళ్ళు బిగించుకుని ఉంది. వేళ్ళు ఒకసారి ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. చెయ్యి మాత్రం కదల్లేదు.

చీమలు దులుపుదామని చెయ్యి చాపాను. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. దులిపితే ఆమె మెలకువగా ఉన్నట్టు నాకు తెలిసిపోతుంది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోతుంది. అప్పుడు బండ మీద ఇద్దరం ఉంటాము.

ముఖం అటువైపు తిప్పుకుని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఎండ నడినెత్తి దాటి తీగకు అవతలి వైపు వాలాక పైనుంచి పాటలు వినిపించాయి. తడిసిన బట్టలతో, ఎర్రబడిన ముఖాలతో అందరూ ఒక్కసారిగా దిగి వచ్చారు. ఒకడు నిజంగానే జతగాడి భుజం మీద చెయ్యి వేసి కుంటుతున్నాడు.

“పాపం సిస్టర్, పొద్దుపోక కష్టపడి ఉంటారు” అన్నారు అయ్యగారు.

మా అత్త కొంగు తీసి, కళ్ళు నలుపుకుంటూ లేచి కూర్చుంది. “నాకేం తెల్సు అయ్యగారూ, పండుకున్నకాడి నుంచి ఇప్పుడే లేస్తా ఉండా. ఈ బిడ్డే పాపం, పలికే దిక్కు లేక పూటంతా ఒకతే కూర్చోనుండాది.”

“అయ్యో ఆంటీ” అన్నారు పిల్లలు.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా వైపు చూడకుండా జుట్టు ముడి వేసుకుంటోంది. ఆస్పత్రిలో నేను అన్న మాట విన్నదా, ఇంకేదైనా అనుకున్నదా, నేను అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు. చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేశాయన్న మనిషి పిల్లల కంటే ముందు నడిచింది. బస్సుదాకా ఉన్న ఆ దారి పొడుగునా వంగి వంగి కాలు గోక్కుంటూ, చీమలను, వాటి పుట్టను, వాటికి చోటిచ్చిన అడవిని నోరారా తిడుతూనే ఉంది.